బొగ్గు జాడ తీసినవారు

మా గోదావరిఖనిలో బొగ్గు ఎంత సామాన్యమంటే, అది భూమిలో ఉన్నదని మొదట ఎవరు కనిపెట్టారన్న ప్రశ్నే ఎవరికీ తట్టదు. కనిపెట్టినవారు కాలినడకన తిరిగినవారు.

1846లో ఈస్టిండియా కంపెనీ విలియమ్స్ అనే దొరను బొగ్గు వెతకడానికి ఈ దేశానికి రప్పించింది. 1848లోనే అడవి జ్వరం ఆయనను తీసుకుపోయింది. 1851లో ఓల్డ్‌హామ్ వచ్చాడు. భూగర్భ సర్వే శాఖ పుట్టిన సంవత్సరంగా దానినే లెక్కపెడతారు. ఆ శాఖలోని డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని తేల్చాడు. అక్కడి సింగరేణి గ్రామం పేరు 1920లో కంపెనీకి వచ్చింది. ఆయన పేరు బొగ్గుపొరకు దక్కింది: కింగ్ సీమ్. దానికి జోడీ క్వీన్ సీమ్. రాజు ఒంటరిగా ఉంటే బాగుండదనుకున్నారు కాబోలు!

భద్రాచలం యాత్రికులు పొయ్యికి పెట్టుకున్న నల్లరాళ్ళే అంటుకున్నాయని ఒక కథ ఉన్నది. ఉండవచ్చు. కాని రాయి మండిందని చూడటం వేరు, ఆ రాయి భూమిలో ఎటు వాలి ఎంతదూరం పోయిందో చెప్పటం వేరు. వాగులు కోసిన గట్లలో ఇసుకరాతి పొరలు బయటపడతాయి. సుత్తి, దిక్సూచి పట్టుకుని, ఏ పొరమీద ఏ పొర ఉన్నదో చూసి పటం గీయాలి. బరాకర్ రాయి కనబడితే ఆశ. దానిని పై పొరలు కప్పేస్తే బోరు దింపవలసిందే. కింగ్ ప్రాణహిత గోదావరి లోయను ఇలాగే చదివి 1881లో గ్రంథం ప్రకటించాడు. మా ప్రాంతానికి గనులు 1960ల తొలినాళ్ళకు గాని రాలేదు.

ఈ చదువు మా బాపుకు రాదు. ఆయనది లోపలి చదువు. బాయిలో దిగగానే కర్రతో పైకప్పును కొట్టి వినేవాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిపోయినదైతే డొల్లగా పలుకుతుంది. "డొల్ల పలికిన కాడ నిలబడొద్దు బిడ్డా" అనేవాడు, నేనేదో రేపే బాయిలో దిగబోతున్నట్టు! షిఫ్టు దిగే సైరన్ మోగి గంట దాటితే మా అమ్మ పొయ్యిమీది అన్నం మరిచి గుమ్మంలో నిలబడేది.

ఒకనాడు ఆయన చిన్న రాతిపలక తెచ్చాడు. దానిమీద నాలుకలాంటి ఆకు అచ్చు, ఈనెలతో సహా. కాలేజీ చదువు కొత్తగా వంటబట్టిన రోజులు. అది గ్లాసాప్టెరిస్ ఆకు అనీ, పాతిక కోట్ల ఏళ్ళకు పైబడినదనీ, మన ఆదిలాబాదు అడవుల్లోనూ ఉన్న గోండుల పేరిటే ఆ రాళ్ళకు సర్వేవారు గోండ్వానా అని పేరు పెట్టారనీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

బాపు అంతా విన్నాడు.

"కప్పుల నుంచే ఊడింది. నేను రెండడుగులు ఇవతల ఉన్న" అన్నాడు.

అమ్మ నా చేతిలోంచి పలకను లాక్కున్నది. "ఇంక ఇసొంటియి ఇంటికి తేకుండ్రి" అన్నది. పారేస్తుందనుకున్నాను. తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టింది.