కటకానికి కంకణం



భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో లెన్సును కటకం అంటున్నాం. కుంభాకార కటకం, పుటాకార కటకం అని పిల్లలు వల్లె వేస్తుంటారు. సంస్కృతంలో ఆ మాటకు కొండచరియ, సేనానివేశం, రాజధాని మొదలైన అర్థాలతోపాటు ముంజేతి కంకణం అనే అర్థం కూడా ఉన్నది. ఈ శబ్దవిచారం ఇప్పుడెందుకంటే, వృత్తిలో ఆరితేరిన ఛాయాగ్రాహకులు తమ కటకాలకు నల్లని టేపు ఎందుకు చుడతారో ఆలోచించినప్పుడు నాకు తోచిన మాట కూడా కంకణమే.

టేపు అనగానే మనకు విరిగిన వస్తువే గుర్తుకు వస్తుంది. కాడ విరిగిన కళ్ళజోడు, మూత ఊడిన రిమోటు, చిరిగిన పుస్తకపు అట్ట. లక్షల ఖరీదు చేసే కెమెరాకు టేపు కనబడితే, పాపం బాగు చేయించుకొనే స్తోమత లేదు కాబోలు అనుకొంటాం. ఆ అనుమానం వల్ల గోదావరి తీరాన ఒక వైద్యగ్రంథం రెండవసారి కూడా ప్రమాదంలో పడబోయింది.

మా వియ్యంకుల వారి అన్నగారింట వారి ముత్తాతగారి నాటి తాళపత్రాలు నాలుగు కట్టలు ఉన్నాయి. గంటంతో చెక్కి, దీపపు మసి పూసిన తెలుగు అక్షరాలు. కొన్నేళ్ళ క్రితం ఎవరో వచ్చి వాటికి ఫొటోలు తీసి ఇచ్చారు. మొదటి నలభై ఆకులు చక్కగా ఉన్నాయి. ఆ తరువాత ఆకులు క్రమంగా పెద్దవై, అంచులు తెగి, అక్షరాలు మసకబారాయి. అది గమనించేసరికి ఏళ్ళు గడిచాయి. ఈలోగా కొన్ని ఆకుల అంచులు పొడి అయిపోయాయి. ఒక కషాయానికి శొంఠి ఎన్ని పాళ్ళు వేయాలో చెప్పే పంక్తి ఇప్పుడు ఆకులోనూ లేదు, ఫొటోలోనూ లేదు.

గత వేసవిలో మళ్ళీ ప్రయత్నించారు. ఈసారి వచ్చిన యువకుడు పెట్టె తెరిచి కెమెరా బయటకు తీయగానే, కటకం చుట్టూ నల్లని టేపు! అన్నగారు నన్ను పక్కకు పిలిచి, "బావగారూ, ఈ అబ్బాయి అతుకుల కెమెరా తెచ్చాడేమిటండీ? పోయినసారి నష్టం చాలదా?" అన్నారు. అప్పటికే కట్టను తిరిగి గుడ్డలో చుట్టేస్తున్నారు.

ఆ మాట యువకునికి వినబడనే వినబడింది. నొచ్చుకోకుండా, "తాతగారూ, పోయినసారి ఈ టేపు లేకపోవటం వల్లే నష్టం జరిగి ఉంటుందండీ" అన్నాడు. టేపు విప్పి, కెమెరాను నేల వైపుకు వంచి పట్టుకొన్నాడు. మేము చూస్తుండగానే కటకం ముందు గొట్టం దానంతట అదే మెల్లగా కిందికి జారింది.

విషయమిది. చాలా జూమ్ కటకాలలో గొట్టం ముందుకు వెనుకకు జరిగితేనే బొమ్మ పెద్దదీ చిన్నదీ అవుతుంది. కొన్నాళ్ళు వాడిన కటకంలో పట్టు సడలుతుంది. కెమెరా ఎదురుగా చూస్తున్నంతసేపు ఏమీ కాదు. తాళపత్రాల కోసం దానిని తలకిందులుగా బిగించినప్పుడు, ముందున్న గాజు బరువుకు గొట్టం వెంట్రుకవాసి చొప్పున జారుతుంది. ఒక్క ఆకులో తెలియని తేడా నూరవ ఆకుకు ప్రస్ఫుటమవుతుంది. జారకుండా తాళం ఉన్న కటకాలు లేకపోలేదు. అయితే వాటిలో చాలావాటికి ఆ తాళం గొట్టం పూర్తిగా ముడుచుకొన్నప్పుడే పడుతుంది. మనకు కావలసిన చోట నిలపాలంటే టేపే శరణ్యం.

రెండవ టేపు ఫోకస్ వలయానికి. ఒకసారి స్పష్టత కుదిరాక స్వయంచాలక ఫోకసును ఆపివేసి, వేలు తగిలినా తిరగకుండా ఆ వలయాన్ని అంటిస్తారు. మూడవది కటకం ముందు అంచుకు. వంకర తిరిగిన ఆకును అణచటానికి పైన గాజుపలక ఉంచుతారు కదా, కటకం అంచున ఉన్న తెల్లని అక్షరాలు ఆ గాజులో ప్రతిబింబించి మన అక్షరాల మీద పడతాయి. వాటిని నల్లటేపు కప్పివేస్తుంది. గాజుకు మాత్రం టేపు ఎన్నడూ తగలనివ్వరు.

ఆ టేపు కూడా మనం పార్సిళ్ళకు అంటించే మెరుపు టేపు కాదు. గాఫర్ టేపు అంటారు. సినిమా చిత్రీకరణలో దీపాల వ్యవహారం చూసే పెద్దను ఆంగ్లేయులు గాఫర్ అంటారు. ఆ పేరే దీనికి వచ్చింది. నూలుగుడ్డ మీద జిగురు పూసి చేస్తారు. మెరవదు, చేతితోనే చిరుగుతుంది, పని కాగానే తీసివేస్తే జిగురు మరక దాదాపుగా మిగలదు.

రాత్రివేళ నక్షత్రాలను చిత్రించేవారూ ఇంతే. చీకటిలో కెమెరా తనంతట తాను ఫోకస్ కుదుర్చుకోలేదు కనుక, ప్రకాశవంతమైన ఒక చుక్క మీద చేతితో కుదిర్చి వలయాన్ని అంటిస్తారు. చలి పెరిగితే కుదిరిన ఫోకస్ కొంచెం మారవచ్చు కనుక నడుమ మళ్ళీ సరిచూసుకొంటారు. కొందరు కేవలం మరుగు కోసం టేపు వేస్తారు. గాంధీజీ హత్యకు గురైన 1948 జనవరి 30న, అంతకు కొద్దిసేపటి ముందే ఆయనను కలిసి చిత్రాలు తీసిన ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు ఆన్రీ కార్టియే-బ్రెస్సాన్ (1908–2004) తన లైకా కెమెరా మీది మెరిసే లోహభాగాలను నల్లటేపుతో కప్పేవారు. ఎదుటివారి చూపు కెమెరా మీద పడకూడదని ఆయన ఉద్దేశం.

పెళ్ళిలోనైనా వ్రతంలోనైనా పసుపుకొమ్ము దారం ముంజేతికి కట్టుకొన్నవారు ఆ కార్యం ముగిసేవరకు విప్పరు. అంతవరకు సంకల్పం చెదరరాదని దాని భావం. పట్టుదలతో పూనుకొన్నవానిని కంకణం కట్టుకొన్నాడు అనటం కూడా అందుకే. ఆ యువకుడు రెండు రోజులు పనిచేశాడు. ప్రతి ఆకు పక్కన చిన్న కొలబద్ద ఉంచి, రెండు వైపులా తీశాడు. పని ముగిశాక మొదటి ఆకునూ చివరి ఆకునూ తెర మీద పక్కపక్కన చూపించాడు. రెండు కొలబద్దలూ ఒకే పొడవున ఉన్నాయి. అన్నగారు కళ్ళజోడు సవరించుకొని రెండుసార్లు చూశారు. ఏమీ అనలేదు గాని, మిగిలిన రెండు కట్టలు కూడా అటక మీద నుండి దింపించారు.

శొంఠి ఎన్ని పాళ్ళో మాత్రం ఇక ఎవరూ చెప్పలేరు.

మిత్రులారా, మీ ఇళ్ళలో అటకల మీద తాళపత్రాలు ఉంటే జాగు చేయకండి. ఫొటో తీయటానికి వచ్చినవారిని, కటకం జారకుండా ఏం చేశారని ఒక్క మాట అడగండి. టేపు చూపిస్తే, కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చి, కట్ట విప్పండి.