గుట్టగా మారిన చెలక

కొత్తగూడెం దాటి గౌతంఖని ఓపెన్ కాస్ట్ వైపు వెళితే కొత్తవాళ్లు గుట్టలను చూసి పొరబడతారు. అడవి గుట్టల అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది. బొగ్గు మీదుండే మట్టిని తీసి పోసిన ఓబీ గుట్టలు మెట్లు మెట్లుగా లేచి, పైన బల్ల పరిచినట్టు చదునుగా ఉంటాయి. డంపర్లు మోసి పోసిన ఆ మట్టిలో ఒకప్పటి చెలకలు, పశువుల బీళ్లు, అడవి కలిసిపోయి ఉన్నాయి. బొగ్గు బాయిలను వర్ణించిన వాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి నేను ఈ గుట్టలనే చూడటానికి వచ్చాను. చూశాక కుదిరిన అభిప్రాయం ఇది: బొగ్గు తీయడానికి పట్టేది కొన్ని దశాబ్దాలు, కానీ భూమి మాత్రం శాశ్వతంగా పోతోంది. తవ్వకం ఒక్కటే ఇందుకు కారణం కాదు. తవ్వాక సాగుకు పనికొచ్చేలా చేసి ఊరికి అప్పగించాలన్న షరతు మన చట్టాల్లో ఎక్కడా గట్టిగా లేదు.

ఇల్లెందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గు కనుగొన్నాడు. 1889లో తవ్వకం మొదలైంది. ఆ తర్వాత చాలా దశాబ్దాలు బొగ్గు బాయిల్లోంచే పైకి వచ్చింది. కింద షిఫ్టులు నడుస్తుంటే పైన జొన్న, కంది పండేవి. భూగర్భ గని నిరపాయమని అనను. పిల్లర్లు తీశాక నేల కుంగుతుంది, ఊరి బావులు ఎండుతాయి. అయినా గెట్టు గెట్టులాగే మిగులుతుంది. ఓపెన్ కాస్ట్‌లో గెట్టుతోపాటు నేల వరసే తలకిందులవుతుంది. 2023-24లో సింగరేణి తీసిన 7 కోట్ల టన్నుల్లో పదింట ఎనిమిది వంతులకు పైగా ఓపెన్ కాస్ట్ గనులదే (ఓసీలదే). టన్ను బొగ్గుకు ఐదారు ఘనపు మీటర్ల మట్టి తీసి పోయాలి. అడుగున ఉండాల్సిన ఇసుకరాయి, సుద్ద పైకొస్తాయి. విత్తనం మొలిచే జానెడు పైమట్టిని విడిగా తీసి దాచకపోతే అది గుట్ట పొట్టలోకి పోతుంది. అంగుళం పైమట్టి తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది. కొత్తగూడెం పేరు చెప్పగానే గుర్తొచ్చే బాయిల్లో ఒకటైన వెంకటేష్‌ఖని దగ్గర కూడా ఇప్పుడు ఓపెన్ కాస్ట్ ప్రణాళికే వచ్చింది.

ఈ గనులున్న చోటు చాలావరకు ఏజెన్సీ ప్రాంతం, 1/70 చట్టం ఉన్న నేల. గిరిజనేతరుడు ఇక్కడ గుంట భూమి కొనలేడు. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు కూడదంది, ప్రభుత్వ సంస్థలకు మాత్రం దారి వదిలింది. షావుకారును ఆపిన గోడకు సర్కారు కోసం ఒక తలుపు పెట్టారన్నమాట. ఇక భూసేకరణ సంగతి. 2013 చట్టం 101వ సెక్షన్ ప్రకారం సేకరించిన భూమిని ఐదేళ్లు వాడకుండా ఉంచితే అసలు యజమానికో, ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకుకో తిరిగి ఇవ్వాలి. వాడి పారేసిన భూమి ఎవరికి చెందాలో ఆ సెక్షన్ చెప్పదు. 1957 నాటి బొగ్గు భూముల చట్టం కింద తీసుకుని, బొగ్గు అయిపోయాక మిగిలిన నేలను ఏం చేయాలో 2022లో కేంద్ర మంత్రివర్గం ఒక విధానం ఆమోదించింది. వాషరీలు, విద్యుత్ ప్లాంట్లు, పునరావాసం అందులో ఉన్నాయి. సేద్యం లేదు.

బొగ్గు లేకపోతే కరెంటు ఎక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణ రైతుకు ఇస్తున్న 24 గంటల ఉచిత కరెంటులో ఈ బొగ్గు వాటా పెద్దది. చెలక పోగొట్టుకున్న ఊరి బొగ్గుతోనే పక్క జిల్లాలో బోరు మోటారు నడుస్తోంది. అందుకే నేను గనులు మూసేయమనడం లేదు. పరిహారం ఇచ్చాక ఇంకేం హక్కు అనేది రెండో మాట. పరిహారం పట్టాకు వస్తుంది. పట్టా లేని పోడుకు, ఊరందరి పశువులు మేసే బీడుకు, వాగు గట్టుకు ధర కట్టేదెవరు? మూడోది కాస్త గట్టి వాదన: భూగర్భ గనులు నష్టాల్లో నడుస్తున్నాయి, అక్కడ కార్మికుడి ప్రాణానికి ముప్పు ఎక్కువ. రెండూ నిజమే. కాబట్టి ఓసీ వద్దనే కన్నా, ఓసీ అడుగున ఏం మిగలాలో ముందే రాయించుకోవడం తెలివైన పని. గుట్టల మీద మొక్కలు నాటుతున్నాం కదా అని కంపెనీ వైపు వాళ్లంటారు. నాటడం మంచిదే, దుమ్ము తగ్గుతుంది, మట్టి జారదు. కానీ ఏటవాలు గుట్ట మీద చెట్టు నిలబడినంత మాత్రాన అక్కడ నాగలి సాగదు.

ఖర్చు భరించలేమన్న మాట ఒక్కటే మిగిలింది. జర్మనీలోని రైన్ ప్రాంతపు లిగ్నైట్ గనుల్లో సారవంతమైన పైమట్టిని విడిగా తీసి, పూడ్చిన నేల మీద రెండు మీటర్ల మందాన పరుస్తారు. కొన్నేళ్లు లూసర్న్ గడ్డి పెంచి, నేల కుదుటపడ్డాకే రైతుకు అప్పగిస్తారు. అమెరికాలో 1977 చట్టం ప్రకారం తవ్వకానికి ముందే, నేలను తిరిగి బాగుచేస్తామంటూ కంపెనీ పూచీకత్తు కట్టాలి. మన దగ్గరా డబ్బు దారి ఉంది: 2009 గని మూసివేత మార్గదర్శకాలు ఓపెన్ కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్కన ఎస్క్రో ఖాతాలో జమ చేయమన్నాయి. 2020 జనవరిలో సుప్రీంకోర్టు, తవ్విన నేలలో పశుగ్రాసం మళ్లీ మొలిచే స్థితి తేవాలన్న షరతును లీజుల్లో చేర్చమని కేంద్రాన్ని ఆదేశించింది. ప్రజాభిప్రాయ సేకరణ సభల్లో ఊళ్లవాళ్లు ఉద్యోగం గురించి, దుమ్ము గురించి గట్టిగానే అడుగుతారు. వాటితోపాటు అడగాల్సినవి మరికొన్ని ఉన్నాయి: పైమట్టిని ఎక్కడ పోస్తారు, ఎంత ఎత్తున పోస్తారు, ఎన్నేళ్లకు ఏ సర్వే నంబరు మీద తిరిగి పరుస్తారు, అప్పుడు ఆ నేల పహాణీలో ఎవరి పేరు ఉంటుంది?