కొండ మీద హాస్టల్

వార్షికోత్సవ సంచికకి ఏదో ఒకటి రాసి పంపమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు ముందు హాస్టల్ జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. కానీ నీళ్ల పప్పు గురించి, తెల్లవారుజామున బోరింగు దగ్గర బక్కెట్ల వరస గురించి, కరెంటు పోతే కొవ్వొత్తి చుట్టూ పదిమంది కూర్చుని చదవడం గురించి నాకంటే ముందు సీనియర్లు చాలామంది బాగా రాశారు. అందుకని 2024 జులైలో నేను లడాఖ్ వెళ్లొచ్చిన సంగతి రాస్తున్నాను. చదివాక దీనికీ మన హాస్టల్‌కీ సంబంధం ఏమిటని ఎవరూ అడగరనే అనుకుంటున్నాను.

నన్ను తెలియని తమ్ముళ్ల కోసం రెండు మాటలు. అయిదో తరగతి నుంచి పది దాకా నేను ఈ హాస్టల్‌లోనే ఉన్నాను. ఎం.ఏ. చరిత్ర చదివాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే మొదలు. నాన్న తారు రోడ్ల పనికి పోతాడు, అమ్మ మిరప కోతలకు పోతుంది. ఆ ముందు ఏడాది వార్షికోత్సవానికి వచ్చిన మన మిలిటరీ అన్న లేహ్‌లో తన డ్యూటీ గురించి చెబుతూ, అక్కడ కొండకొక బౌద్ధ ఆరామం ఉంటుందిరా అన్నాడు. పుస్తకాల్లో అమరావతి, నాగార్జునకొండ చదివి చదివి, స్తూపమంటే కూలిపోయిన ఇటుకలు, ఆరామమంటే నేలమట్టమైన పునాదులు అనుకునే నాకు ఆ మాట పట్టుకుంది. మనుషులు ఇంకా కాపురముంటున్న ఆరామం ఒకటి చూడాలి. అంతేకాదు, చిన్నప్పటి నుంచి మన భోజనాల హాల్లో అంబేద్కర్ గారి ఫోటో కింద కూర్చుని తిన్నవాళ్లం. ఆయన 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నాడని అందరికీ తెలుసు. బౌద్ధం ఉన్నచోట కులం ఉండదని, అలాంటి ఊరు ఒక్కటైనా కళ్లారా చూడాలని నాకు పెద్ద ఆశ.

డబ్బుల దగ్గర నేను తప్పు చేశాను. రెండేళ్లు పిల్లలకు ట్యూషన్లు చెప్పి 30 వేలు కూడబెట్టాను. ఆ డబ్బుతో మా ఇంటి పైకప్పు రేకులు మార్పిద్దామని నాన్నకు మాటిచ్చాను. అందులోంచి 18 వేలు ఈ ప్రయాణానికి తీశాను. ఇంట్లో మాత్రం యూనివర్సిటీ వాళ్లే తీసుకెళుతున్న స్టడీ టూర్ అని చెప్పాను. నాన్న నమ్మాడు. పైగా ‘మావాణ్ణి సర్కారు ఖర్చుతో కాశ్మీరం పంపుతున్నారు’ అని పనిలో అందరికీ చెప్పుకున్నాడట.

నాతో వచ్చిన ఫ్రెండ్ కూడా మన హాస్టల్ వాడే. పదో తరగతి దాకా వాడి పెట్టె నా పెట్టె పక్కనే ఉండేది. ఢిల్లీ దాకా స్లీపర్ క్లాసు రైలు, అక్కడి నుంచి లేహ్‌కి హిమాచల్ ప్రభుత్వ బస్సు. వెయ్యి కిలోమీటర్లకు పైనే, మధ్యలో ఒక రాత్రి కేలాంగ్‌లో ఆగుతుంది. కనుమలు దాటేటప్పుడు బస్సులో సగం మంది కిటికీల్లోంచి వాంతులు చేసుకున్నారు, అందులో మేమిద్దరం కూడా ఉన్నాం. లేహ్ ఎత్తు దాదాపు 11,500 అడుగులు. గాలి పలచన. మంచినీళ్లు తాగుతూ రెండు రోజులు కదలకుండా పడుకోకపోతే ప్రాణం మీదికి వస్తుందని అన్న ముందే హెచ్చరించాడు. మెట్లు నాలుగు ఎక్కితే ఆయాసం వచ్చింది. నా ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయలేదు. మావాడిది పోస్ట్‌పెయిడ్ కాబట్టి పనిచేసింది గానీ, నేను ఇంటికి చేయలేదు. చేస్తే అబద్ధం ఇంకొంచెం పెంచాల్సి వస్తుందని భయం.

మూడో రోజు బజారులో బుల్లెట్ అద్దెకు తీసుకున్నాం. రోజుకు 1300 రూపాయలు, పెట్రోలు మనదే. నా ఒరిజినల్ లైసెన్సు, 5 వేలు అడ్వాన్సు పెట్టుకున్నారు. బండికి అప్పటికే ఉన్న గీతలన్నీ ఫోటో తీసుకొమ్మని పక్కన టీ కొట్టాయన సైగ చేశాడు. మేము తీసుకోలేదు. మీరు ఎప్పుడైనా వెళితే తీసుకోండి.

సింధు నది పక్కనే రోడ్డు. సింధు అంటే మనకు పాఠంలో పేరు, అక్కడ చూస్తే బూడిదరంగు నీళ్లతో చలిగా పారుతూ ఉంది. షే దగ్గర పాత రాజుల కోట, అందులో రాగితో చేసి బంగారు పూత పూసిన పెద్ద బుద్ధుడు ఉన్నాడు. అక్కడ ఎక్కువసేపు ఆగలేదు. లేహ్‌కి 19 కిలోమీటర్ల దూరంలో ఉన్న తిక్సే మాత్రం మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లి చూశాం. కొండను మెట్లు మెట్లుగా తొలిచి ఇళ్లు పేర్చినట్టు పన్నెండు అంతస్తులుంటుంది. 1970లో దలైలామా వచ్చిన గుర్తుగా కట్టించిన మైత్రేయుడి విగ్రహం 49 అడుగులు. గుడిలోకి పై అంతస్తు నుంచి అడుగుపెడతాం కాబట్టి ఆయన ముఖం ఎదురుగా కనిపిస్తుంది, పాదాలు కింద ఎక్కడో ఉంటాయి.

నేను చెప్పదలచుకున్నది విగ్రహం గురించి కాదు. పొద్దున ఆరు గంటలకు ఇద్దరు భిక్షువులు మేడ మీద నిలబడి శంఖాలు ఊదారు. ఎక్కడెక్కడి గదుల్లోంచో ఎర్ర బట్టల పిల్లలు పరుగెత్తుకొచ్చారు. ఏడేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు వాళ్లు. ఒకడి ముఖం సగమే కడిగి ఉంది. ఒకడు వరసలో ముందున్నవాడి బట్ట లాగుతున్నాడు. ప్రార్థన హాల్లో బారులుగా కూర్చున్నారు. పెద్ద భిక్షువులు గంభీరంగా చదువుతుంటే చివరి వరసలో ఒక బుడ్డోడు కూర్చునే కునుకుతున్నాడు, పక్కవాడు మోచేత్తో పొడిచాడు. తర్వాత పిల్లలే పెద్ద పెద్ద కెటిళ్లు మోసుకొచ్చి అందరికీ వెన్న కలిపిన ఉప్పు టీ పోశారు. గిన్నె చాపడం, పోసేవాడు మన ముందు ఆగుతాడా ఆగడా అని చూడటం, సంచిలోంచి బార్లీ పిండి తీసి అందులో కలుపుకోవడం. మావాడు నా చెవిలో, ‘ఒరే, స్టడీ అవర్‌రా ఇది’ అన్నాడు. నవ్వాపుకోలేక బయటికొచ్చేశాం. బయట వరండాలో చూస్తే గోడవారగా రేకు పెట్టెలు, వాటి మీద చుట్టి పెట్టిన పరుపులు. ఒక పెట్టె మీద తెల్ల రంగుతో నంబరు వేసి ఉంది. నా నంబరు 27. మీలో ఎవరి నంబరు ఎంతో మీకు గుర్తుండే ఉంటుంది.

ఆ వరండాలోనే ఒక భిక్షువు మమ్మల్ని పలకరించాడు. నలభై అయిదేళ్లుంటాయి. ఎక్కడి నుంచి అని హిందీలో అడిగితే ఆంధ్రా అన్నాను. వెంటనే ‘ఊట ఆయ్తా?’ అన్నాడు! కొండల్లో పుట్టిన మనిషి నోట కన్నడం విని బిత్తరపోయాను. కర్ణాటకలో ముండ్‌గోడ్ దగ్గర టిబెటన్ల ఆరామంలో చదువుకున్నాడట, బజారు కన్నడం వచ్చు. గుంటూరు అంటే ఆయనకు తెలియలేదు. అమరావతి అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

2006 జనవరిలో అమరావతిలో దలైలామా కాలచక్ర జరిపించినప్పుడు ఆయన వచ్చాడట. బుద్ధుడు కాలచక్రం మొదట బోధించింది ధాన్యకటకంలోనే అని టిబెట్ సంప్రదాయం. ధాన్యకటకం అంటే మన అమరావతి, ధరణికోటే. లాసాలోని ద్రేపుంగ్ అనే పెద్ద ఆరామానికి ఆ పేరు మన ధాన్యకటకం మీదే పెట్టారట. ద్రేపుంగ్ అంటే వడ్లరాశి. ఆయన చదివింది ఆ పేరుతో ముండ్‌గోడ్‌లో మళ్లీ కట్టుకున్న దాంట్లోనే. కృష్ణ ఒడ్డున ఇసుకలో పడుకున్నామని, మిరపకాయ బజ్జీ తిని ఏడ్చానని చెప్పాడు. మీ ఊరి వాళ్లు మా కోసం చాలా కష్టపడ్డారు అన్నాడు. నేనేమీ మాట్లాడలేకపోయాను. ఎందుకంటే ఆ డేరాలకు నీళ్ల పైపుల గుంటలు తవ్విన వాళ్లలో మా నాన్న ఒకడు. అప్పుడు నాకు అయిదేళ్లు. ఆ పని అయిపోయాక నాన్న తెచ్చిన నీలం పట్టా ముక్క మా ఇంటి రేకుల కింద ఇప్పటికీ ఉంది. అక్కడే వాన కారేది.

తర్వాత హేమిస్ చూశాం. మర్నాడు శ్రీనగర్ రోడ్డు పట్టాం. పత్థర్ సాహిబ్ గురుద్వారాలో జవాన్లు పెట్టిన భోజనం, నిమ్మూ దగ్గర సింధులో జంస్కార్ కలిసే చోటు, బండి ఆపితే దానంతటదే ఎత్తుకు పోతుందనే మాగ్నెటిక్ హిల్. అది కంటికి కలిగే భ్రమే. నిజానికి అది పల్లమే. లామాయురు దగ్గర పసుపురంగు మట్టి దిబ్బలు చంద్రుడి మీది నేలలా ఉంటాయి. అక్కడ ఒకప్పుడు సరస్సు ఉండేదని, ఒక అర్హతుడు దాన్ని తొలగించాడని కథ. సరస్సు ఉండిందన్నది మాత్రం నిజమే, ఆ మట్టి దాని అడుగునే పేరుకుంది. దారిలో స్తూపాలు, రాళ్ల మీద మంత్రాలు చెక్కిన గోడలు వస్తే బండి మీద ఉన్నా సరే కుడివైపు ఉండేలా చుట్టి వెళ్లాలి. ఆల్చీలో తొమ్మిది వందల ఏళ్ల నాటి గోడ బొమ్మలు ఉన్నాయి. ఫోటోలు తీయనివ్వరు. టార్చి వెలుగులో ఒక బోధిసత్త్వుడి పంచె మీద వేసిన చిన్న చిన్న మనుషులను చూస్తూ ఎంతసేపున్నానో తెలియదు.

ఆ రాత్రి ఆల్చీ దగ్గర ఒక ఇంట్లో ఉన్నాం. ఇంటామె చాలా మంచిది. పేరు చివర ‘లే’ అని చేర్చి పిలిస్తే మన ‘గారు’ లాగా. సాయంత్రం ఊళ్లో విలువిద్య పందేలు జరుగుతున్నాయంటే తీసుకెళ్లింది. బాణం వేసిన ప్రతిసారీ డోలు, సన్నాయి లాంటిది వాయిస్తున్నారు. ఊరివాళ్లంతా వరసగా తివాచీల మీద కూర్చున్నారు, ముందు బల్లలు. వాయించేవాళ్లు ఆ వరస చివర, కొంచెం ఎడంగా, వట్టి నేల మీద కూర్చున్నారు. నాకు అది చూడగానే తెలిసిపోయింది. అడగకుండా ఉండాల్సింది, అడిగాను. ‘వాళ్లు మోన్‌లు’ అందామె. వాయిద్యం వాళ్ల పని. గారా అని కమ్మరులున్నారు, బేదా అని ఊరూరా తిరిగి వాయించేవాళ్లున్నారు. అందరూ బౌద్ధులు కాదా అన్నాను. బౌద్ధులే అంది. మరి? అన్నాను. ‘ఇప్పుడు చదువుకున్నవాళ్లు అంత పట్టించుకోరులే’ అని నా గిన్నెలో ఇంకొంచెం టీ పోసింది.

మా తాత డప్పు కొట్టేవాడు. పెళ్లిళ్లలో పందిరి బయట కూర్చునేవాడు. రెండు వేల కిలోమీటర్లకు పైగా వచ్చి, ఉన్న డబ్బు ఖర్చుపెట్టి నేను చూసింది తాత కూర్చున్న చోటునే. ఆ రాత్రి మావాడు, ‘అంబేద్కర్ గారు వీళ్ల బౌద్ధం తీసుకోలేదురా, బుద్ధుడి బౌద్ధం తీసుకున్నాడు’ అన్నాడు. వాడు చెప్పింది సబబే. అయినా నిద్ర పట్టలేదు. పందెం అయిపోయాక ఆ డోలాయన దగ్గరికి వెళ్లి చెయ్యి కలిపి జూలే అన్నాను. ఆయన ఆశ్చర్యపోయాడు. ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు, భాష కూడా రాదు.

చివరి రోజు ఖర్దుంగ్ లా. సౌత్ పుల్లూ చెక్‌పోస్టు దాటాక తారు లేదు, కరిగిన మంచు రోడ్డు మీద వాగులా పారుతోంది. గులకరాళ్ల మీద బండి జారి ఇద్దరం పడ్డాం. మోకాలు చీరుకుపోయింది, అద్దం పగిలింది, లెగ్‌గార్డు వంగింది. పైకి లేపడానికి ఊపిరి చాలలేదు. రోడ్డు పని చేస్తున్నవాళ్లు పరుగెత్తుకొచ్చారు. ముఖాలకు గుడ్డలు చుట్టుకుని, రబ్బరు బూట్లతో, తారు అంటిన చేతులతో ఉన్నారు. జార్ఖండ్‌లోని దుమ్‌కా నుంచి ప్రతి ఏడూ వస్తారట. బండి లేపి, నా మోకాలు కడిగి, నల్లటి కెటిల్‌లోంచి టీ ఇచ్చారు. ఒక పెద్దాయన మీ నాన్న ఏం చేస్తాడని అడిగాడు. కాలేజీలో అప్లికేషన్ల మీద నేనెప్పుడూ ‘వ్యవసాయం’ అనే రాసేవాణ్ణి. ‘రోడ్డు పని. ఇదే పని’ అన్నాను. ఆయన నమ్మలేదు. నా బూట్ల వంక, బండి వంక చూశాడు.

కనుమ మీద బోర్డు ఎత్తు ఎక్కువ చేసి చెబుతుంది గానీ అసలు ఎత్తు 17,582 అడుగులు అని చదివాను. అయిదు రంగుల జెండాలు గాలికి కొట్టుకుంటున్నాయి. పదిహేను నిమిషాలున్నాం, తలనొప్పి మొదలైతే దిగిపోయాం. బండి అప్పగించాక అద్దం, లెగ్‌గార్డు కింద 2500, పాత గీతల కింద ఇంకో 1000 పట్టుకున్నారు. గీతలు మావి కావంటే వినలేదు.

ఆ రాత్రి మావాడి ఫోన్‌తో నాన్నకు చేశాను. స్టడీ టూర్ కాదని, రేకుల డబ్బులని, పడ్డానని, అన్నీ చెప్పాను. కాసేపు ఏం వినపడలేదు.

‘డబ్బులు నీయి. నువ్వు సంపాదించుకున్నయ్యి. నాకు చెప్పి పోతే ఏం పోయేదిరా? దెబ్బ బాగా తగిలిందా?’ అన్నాడు.

పెద్దగా లేదన్నాను. భిక్షువు సంగతి, కాలచక్ర సంగతి చెప్పాను. ‘ఆ ఎర్ర గుడ్డలోళ్లా? బాగా మర్యాదస్తులు. గుంటలు తవ్వుతుంటే వచ్చి బిస్కెట్లు ఇచ్చేవాళ్లు’ అన్నాడు. తర్వాత దుమ్‌కా వాళ్ల గురించి చెబితే మధ్యలో ఆపకుండా మొత్తం విన్నాడు. అంత చలిలో తారు ఎట్టా కరిగిస్తన్నారు, రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటన్నారు అని అడిగాడు. నాకు తెలిసింది చెప్పాను.

‘కూలి ఎంతిస్తన్నారంట?’ అన్నాడు చివరికి.

అది నేను వాళ్లను అడగలేదు.