తంజావూరులో ఒక పగలు

దసరా సెలవుల్లో నలుగురం కలిసి ఎక్కడికైనా వెళ్ళి తీరాలన్నది మా అమ్మాయి పట్టు. ఖర్చు మూడువేలు దాటకూడదన్నది మావారి పట్టు. మెట్లు ఎక్కువ ఎక్కించకూడదన్నది మా అత్తగారి పట్టు. ఈ మూడింటికీ సరిపడే ఊరు ఏదా అని ఆలోచిస్తే తంజావూరు తేలింది. కోయంబత్తూరులో రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి అక్కడుంటాం. మళ్ళీ రాత్రి బస్సుకే తిరిగొస్తే లాడ్జి అద్దె మిగులుతుంది. "ఒక్క పగట్లో రాజధానినంతా చూసెయ్యొచ్చు" అన్నారు మావారు, లెక్క కుదిరిన సంతోషంలో.

బస్సు దిగేసరికి ఇంకా చీకటిగానే ఉంది. స్నానాలకు మాత్రం ఒక చిన్న గది రెండు గంటలకు మాట్లాడుకుని, ఆరున్నరకల్లా పెద్ద గుడికి చేరాం. రాజరాజ చోళుడు కట్టించిన బృహదీశ్వరాలయం ఇది. 1010లో పూర్తయింది. విమానం ఎత్తు రెండు వందల అడుగుల పైమాటే, అంతా నల్లరాయి. దీని నీడ నేలమీద పడదని ఆటో అబ్బాయి దారిపొడుగునా చెప్పుకొచ్చాడు. లోపలికి వెళ్ళి చూస్తే ఆ నీడ ప్రాకారమంతా చల్లగా పరుచుకుని ఉంది! మా అత్తగారు అందులోనే కూర్చుని, "పడకపోతే నేనెక్కడ కూర్చునేదాన్నిరా" అని నవ్వారు. వెళ్ళేవాళ్ళు పొద్దున్నే వెళ్ళండి. చెప్పులు బయటే వదిలెయ్యాలి, ఎండెక్కితే ఆ రాళ్ళమీద కాలు పెట్టలేం.

గుడి గోడల కింది వరసంతా శాసనాలే. గుడికి ఎవరెవరు ఏమిచ్చారో, ఎవరికి ఏ పని అప్పగించారో అన్నీ చెక్కించాడు రాజరాజు. ఆలయ సేవకు తెప్పించిన నాలుగు వందల మంది నర్తకుల పేర్లు, వాళ్ళకిచ్చిన ఇళ్ళ వరసతో సహా అందులో ఉన్నాయి. మా అమ్మాయి బడిలో తమిళం చదువుతుంది. వెయ్యేళ్ళ నాటి ఆ రాతలో తనకు తెలిసిన అక్షరం ఒకటి, ఇంకొకటి దొరికేసరికి ఎగిరి గంతేసింది. ఇంకోవైపు గోడమీద మరాఠీలో పెద్ద శాసనం ఉంది. భోంస్లే వంశ చరిత్రను రెండవ శరభోజి రాజు 1803లో చెక్కించాడు.

నంది దగ్గరికి వచ్చాక వాళ్ళ నాన్న చెప్పారు, ఈ ఊరు ఒక్కరి రాజధాని కాదని. ముందు చోళులు. వాళ్ళ తర్వాత చాలా కాలానికి, 1532 నుంచి 1673 దాకా నాయక రాజులు, విజయనగరం తరఫున వచ్చిన తెలుగువాళ్ళు. ఆ తర్వాత శివాజీ సవతి తమ్ముడు ఏకోజీ, అతని వంశం, 1855 వరకు. ఒకే రాతిలో మలిచిన ఈ పెద్ద నంది నాయకుల కాలంలో పెట్టించిందేనని చెబుతారు. అమ్మాయి అంతా విని, "తమిళం వాళ్ళు రాశారు, మరాఠీ వాళ్ళు రాశారు. మరి మనవాళ్ళు ఏమీ రాయలేదా?" అని అడిగింది. "గోడల మీద కాదే, ఆకుల మీద రాశారు. పద, చూపిస్తా" అన్నాను.

టిఫిను ముగించి పదిగంటలకు కోటలోని రాజభవనానికి వెళ్ళాం. నాయకులు కట్టడం మొదలుపెడితే మరాఠాలు పెంచుకుంటూ పోయారు. దర్బారు హాలు, చోళుల కాలపు కంచు విగ్రహాలు ఉన్న కళాశాల, గంట గోపురం, ఇవన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయి. మావారు చేతి గడియారం చూసుకుంటూ, "ఇక్కడ అరగంట, అక్కడ ఇరవై నిమిషాలు" అని రైలు నడిపినట్టు నడిపించారు. నటరాజ విగ్రహాల ముందు అత్తగారికి చేతులెత్తి దణ్ణం పెట్టుకునే వ్యవధి కూడా దొరకలేదు. గంట గోపురం మెట్లు ఆయన, అమ్మాయి ఎక్కొచ్చారు. మేమిద్దరం కింద ఆగిపోయాం.

చివరికి సరస్వతీ మహల్ గ్రంథాలయం. నాయకుల నాటి రాజుగారి పుస్తకశాల ఇది. 1798 నుంచి 1832 దాకా ఉన్న శరభోజి దీన్ని ఎంతో పెంచాడు. కాశీయాత్రకు వెళ్ళినా పుస్తకాలే తెచ్చుకున్న రాజు ఆయన. 1918 నుంచి అందరికీ అందుబాటులోకి వచ్చింది. సందర్శకుల కోసం కొన్ని ప్రతులను గాజు పెట్టెల్లో పెట్టారు. రఘునాథ నాయకుడు స్వయంగా కవి. చేమకూర వెంకటకవి విజయవిలాసం అంకితమిచ్చింది ఆయనకే. ఆయన కొడుకు విజయరాఘవుడి కొలువులో రంగాజమ్మ అనే ఆవిడ మన్నారుదాస విలాసం రాసింది. ఆశ్చర్యమేమిటంటే, నాయకులు పోయాక కూడా తెలుగు పోలేదు. ఏకోజీ కొడుకు శహాజీ ఇంటి భాష మరాఠీ, ఏలింది తమిళులను. అయినా ఆయన పల్లకి సేవా ప్రబంధం తెలుగులో రాశాడు.

ఇవన్నీ నేను గొప్పగా చెబుతుంటే, మా అత్తగారు ఒక తాటాకు ప్రతి ముందు ఆగిపోయారు. చిన్న చిన్న అక్షరాలు, మాటకూ మాటకూ మధ్య జాగా లేదు. ఆవిడకు కంటి ఆపరేషను అయినప్పటినుంచి సన్న అక్షరాలు ఆనవు. పక్కనున్న మనవరాలిని, "ఏం రాసుందే, చదువు" అన్నారు. అలవాటుగా అన్న మాటే.

"నాకు రాదు కదా అవ్వా" అంది అది.

గోడమీద వెయ్యేళ్ళ తమిళంలో రెండక్షరాలు పోల్చుకున్న పిల్ల, తన ఇంటి భాష ముందు చేతులు కట్టుకుని నిలబడింది. అత్తగారు దాన్ని ఏమీ అనలేదు, నన్నూ ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ తగిలింది. ఎందుకంటే నేనూ తమిళ మీడియంలోనే చదివాను. పెళ్ళయి వచ్చాక మధ్యాహ్నం పూట వంటింటి గడప మీద కూర్చోబెట్టి, పలక చేతికిచ్చి, నాకు ఓనమాలు దిద్దించింది ఆవిడే. ఈ పత్రికకు నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆవిడ పెట్టిన భిక్ష. ఆవిడ నాకిచ్చింది నా కూతురికి ఇవ్వడానికి పద్నాలుగేళ్ళుగా నాకు తీరలేదు. హిందీ ట్యూషనుకు తీరింది, కంప్యూటరు క్లాసుకు తీరింది.

భోజనాలయ్యాక తిరువయ్యారు బస్సెక్కాం, పాత బస్టాండు నుంచి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. 2021 నుంచి తమిళనాడులో సాధారణ టౌను బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచితం. మా ముగ్గురికీ డబ్బుల్లేవు, మావారొక్కరికే టిక్కెట్టు. ఆయన ఆనందం చూడాలి! దారిలో వరసగా వంతెనలు వస్తాయి. వడవారు, వెన్నారు, వెట్టారు, కుడమురుట్టి, చివరికి కావేరి. అయిదు నదుల ఊరు కనుకనే ఆ పేరు.

కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి. 1767లో పుట్టి 1847లో ఇక్కడే కన్నుమూశారు. సమాధి మీద గుడి కట్టించిన బెంగళూరు నాగరత్నమ్మ కూడా ఆ పక్కనే శాశ్వతంగా విశ్రమించింది. మేం వెళ్ళేసరికి ఒక కాలేజీ అమ్మాయి నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని మెల్లగా పాడుకుంటోంది. మావాళ్ళ తెలుగు వినగానే ఆపి, తమిళంలో పలకరించింది. ఆమె పుస్తకంలో ఉన్నది తెలుగు కీర్తన, లిపి తమిళం. క, గ రెండింటికీ తమిళంలో ఒకటే అక్షరం కనుక, ఎలా పలకాలో తెలియడానికి అక్షరాల పక్కన చిన్న చిన్న అంకెలు వేసుకుంది. "ఎన్నడు అంటే ఏమిటి?" అని మా అమ్మాయిని అడిగింది. మా పిల్ల చెప్పింది. ఇంకో మాట అడిగింది. అదీ చెప్పింది. అలా ఇద్దరూ కలిసి కీర్తనంతా అర్థం చేసుకున్నారు. మావారు గడియారం చూశారు గాని, ఈసారి ఎవరినీ లేవమనలేదు.

లేచేటప్పుడు ఆ అమ్మాయి, "నువ్వు అదృష్టవంతురాలివి. నీకు ఈ అంకెలు అక్కర్లేదు, తెలుగులోనే చదువుకోవచ్చు" అంది. మా అమ్మాయి నావైపు చూసి తల దించుకుంది.

తిరిగి తంజావూరు వచ్చి, బజారులో తలాడించే బొమ్మ ఒకటి కొన్నాం. దాంతో లెక్క మూడువేల నూట యాభై అయింది. శివగంగ తోట, ష్వార్ట్జ్ చర్చి చూడనేలేదు. "ఇంకో సగం ఊరు మిగిలిపోయింది" అని మావారు నొచ్చుకున్నారు. మిగిలితే మిగలనివ్వండి, మళ్ళీ రావడానికి ఒక కారణం ఉంటుంది.

రాత్రి బస్సు కదిలేముందు, వెలుతురు ఉండగానే, మా అమ్మాయి బొమ్మకు చుట్టిన కాగితం విప్పి, పెన్ను తీసి అవ్వ చేతిలో పెట్టింది. "అవ్వా, పెద్దగా రాయి. అమ్మకు నేర్పినట్టే నేర్పు" అంది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, కాగితం నిండుగా 'అ' రాశారు.

ఇంటికొచ్చి రెండు నెలలైంది. మధ్యాహ్నం బదులు రాత్రి భోజనాల తర్వాత సాగుతోంది బడి. గుణింతాలు అయిపోయాయి. ఒత్తుల దగ్గర మాత్రం రోజూ అలుగుతోంది.