గడపకు రెండువైపులా ఒకే పాట

కొచ్చి గురించి ఎవరు చెప్పినా ముందు ఒక లెక్కతో మొదలుపెడతారు. 1503లో పోర్చుగీసువాళ్లు కోట కట్టారు, 1663లో డచ్చివాళ్లు దాన్ని గెలుచుకున్నారు, 1795లో ఇంగ్లీషువాళ్లు వచ్చారు. వీళ్లందరికంటే ముందే అరబ్బులు, చీనావాళ్లు వచ్చిపోయారు. మిరియాల కోసం వచ్చినవాళ్లు, వాళ్ల వెంట వచ్చినవాళ్లు, కరువుకో యుద్ధానికో తట్టుకోలేక వచ్చినవాళ్లు: గుజరాతీలు, కచ్చీ మెమన్లు, గోవా నుంచి కొంకణీలు, తమిళులు, జైనులు, యూదులు. అందరికీ చోటిచ్చిన ఊరని అంటారు. నిజమే. మట్టాంచేరిలో ఒక వీధి మలుపు తిరిగేసరికి భాష మారిపోతుంది, వంటింటి వాసన మారిపోతుంది.

కానీ ఈ లెక్కలో వచ్చేదంతా మగవాళ్లే. ఓడ నడిపినవాడు, కోట కట్టినవాడు, మిరియాలు తూచినవాడు, భూమి దానమిచ్చిన రాజు. వాస్కో డ గామా 1524లో ఇక్కడే చనిపోయాడని, సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో పాతిపెట్టిన శవాన్ని 1539లో పోర్చుగల్‌కు తీసుకుపోయారని చర్చిలో అడుగుపెట్టిన ప్రతివాళ్లకీ చెబుతారు. ఖాళీ సమాధికి కూడా చరిత్ర ఉంది. మరి సంస్కృతులు కలిశాయంటున్నారు కదా, అవి ఎక్కడ కలిశాయి? రేవులోనా, ఇళ్లలోనా? ఇళ్లలోనే అయితే కలిపిన చేతులెవరివి?

నేను కొచ్చి వెళ్లింది ఈ ప్రశ్నతోనే. నా డాక్టరేట్ తెలుగు స్త్రీల పాటల మీద. ఆ పని చేస్తున్న రోజుల్లో ఒక స్నేహితురాలు నాకొక సీడీ ఇచ్చింది. 2004లో జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయం వాళ్లు వెలువరించిన కొచ్చి యూదు స్త్రీల పాటలు. పాడుతున్నది ఇజ్రాయెల్‌లో స్థిరపడిన ముసలమ్మలు. భాష మలయాళం. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆ గొంతుల్లో మా పెరటి వసారాలో మంగళహారతి పాడే ఆడవాళ్ల తీరు ఏదో వినిపించింది. అప్పటినుంచీ ఆ ఊరు చూడాలని ఉండేది.

ఎర్నాకుళంలో కాలేజీలో పాఠాలు చెప్పే నా మలయాళీ స్నేహితురాలు తోడు వచ్చింది. హైకోర్టు దగ్గర వాటర్ మెట్రో ఎక్కి ఫోర్ట్ కొచ్చిలో దిగాం. ఒడ్డున చీనా వలలు. ఫొటోల్లో సాయంకాలపు ఎర్రటి ఆకాశం ముందు అవి పెద్ద పక్షుల్లా కనిపిస్తాయి. దగ్గరికి వెళితే తెలుస్తుంది, అది ఎంత మొరటు శ్రమో. బరువు కోసం తాళ్లకు కట్టిన బండరాళ్లు, ఆ తాళ్లు పట్టుకుని లాగే నలుగురైదుగురు మగవాళ్లు, పైకొచ్చిన వలలో గుప్పెడు చేపలు. కాస్త అవతల గొడుగు కింద చేపలు పెట్టుకుని కూర్చున్న స్త్రీని నా స్నేహితురాలు "చేచ్చీ" అని పలకరించింది. తను వాళ్ల అక్క గురించి చెప్పింది. అరూర్ వైపు రొయ్యలు వొలిచే షెడ్డులో పనిచేస్తుందట. పొద్దుటినుంచీ ఐసు నీళ్లలో చేతులు. కొచ్చి చుట్టుపక్కల ఈ షెడ్లలో కూర్చునేది దాదాపు అంతా ఆడవాళ్లే. రొయ్య విదేశాలకు పోతుంది. మిరియాల కాలం నుంచి రొయ్యల కాలం దాకా ఈ రేవు ఎగుమతి సరుకును ఎంచి, వొలిచి, ఎండబెట్టి, చెరిగి సిద్ధం చేసిన చేతులకు మాత్రం ఫొటోల్లో చోటు లేదు.

మట్టాంచేరికి మరో చరిత్ర కూడా ఉంది, దాన్ని పర్యాటకులకు అంతగా చెప్పరు. రేవులో పని కావాలంటే 'చాప్పా' అనే లోహపు బిళ్ల దొరకాలి. కంట్రాక్టరు మనిషి గుంపులోకి ఆ బిళ్లలు విసిరేవాడు. మనుషులు ఒకరిమీద ఒకరు పడి, కొట్టుకుని వాటిని ఏరుకునేవాళ్లు. దొరికినవాడికి ఆ పూట కూలి. దీని మీద జరిగిన పోరాటంలో 1953 సెప్టెంబరు 15న పోలీసులు కాల్పులు జరిపారు, కార్మికులు చనిపోయారు. కె.ఎం. చిదంబరన్ నాటకం ఆధారంగా రాజీవ్ రవి తీసిన 'తురముఖం' సినిమా 2023లో వచ్చింది. అందులో నాకు బాగా గుర్తుండిపోయింది తల్లి పాత్ర. బిళ్ల దొరకని రోజున ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందన్నది కూడా రేవు చరిత్రేనని ఆమెను చూస్తే తెలుస్తుంది.

ఇక 'కలయిక' సంగతి. పోర్చుగీసు సైనికులకు స్థానిక స్త్రీలతో పెళ్లిళ్లు చేయడం అల్బుకెర్క్ నాటి రాజ్య విధానం. ఆ స్త్రీలను ఇష్టమేనా అని ఎవరడిగి ఉంటారు? డచ్చి కంపెనీ కొచ్చి నుంచి మిరియాలతో పాటు మనుషుల్ని కూడా ఎగుమతి చేసింది, బటేవియాకీ, దక్షిణాఫ్రికా కేప్‌కీ. కేప్ రికార్డుల్లో కొందరు బానిస స్త్రీలకు ఇంటిపేరు ఉండాల్సిన చోట 'మలబారు' అని ఉంటుంది. తల్లి పెట్టిన పేరు పోయి, బాప్తిస్మపు పేరు ఒకటి, తీరం పేరు ఒకటి మిగిలాయి. బహుళ సంస్కృతి అనే అందమైన మాట కింద ఇది కూడా ఉందని గుర్తుపెట్టుకోకపోతే మనం చేసేది పరిశోధన కాదు, పర్యాటక శాఖ ప్రచారం.

మట్టాంచేరి యూదుల వీధి చివర పరదేశి సినగాగ్ ఉంది. 1568లో కట్టారు. పక్కనే 18వ శతాబ్దపు గడియారపు గోపురం, ఒక్కో ముఖం మీద ఒక్కో లిపిలో అంకెలు. లోపలికి చెప్పులు విడిచి వెళ్లాలి, మన గుళ్లలోలాగే. కాళ్ల కింద చీనా నుంచి తెప్పించిన నీలం పూల పలకలు, తలమీద గాజు దీపాలు. పైన మేడ మీద స్త్రీలకు వేరే చోటు. దాని ముందే రెండో పఠన వేదిక ఒకటి ఉంది. ఇది కేరళ యూదు మందిరాల ప్రత్యేకత. విశేష సందర్భాల్లో తోరా పైనుంచి చదివేవాళ్లు, అంటే ఆ వేళకు స్త్రీలే గ్రంథానికి దగ్గరగా ఉండేవాళ్లు, మధ్యలో జాలీ అడ్డు ఉన్నా సరే. నేను ఆ జాలీ వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

గైడు పలకల గురించి చెప్పాడు, దీపాల గురించి చెప్పాడు. మెట్ల గురించి చెప్పలేదు. పరదేశి యూదులు, అంటే స్పెయిన్ నుంచీ ఇతర దేశాల నుంచీ తర్వాత వచ్చిన 'తెల్ల' యూదులు, అంతకుముందు నుంచీ ఉన్న మలబారు యూదులతో పెళ్లి సంబంధాలు పెట్టుకోలేదు. మలబారు వాళ్లకు ఇదే పేటలో కడవుంభాగం, తెక్కుంభాగం అని వేరే సినగాగులు ఉండేవి. కడవుంభాగం కట్టడంలో కొంత 2019 వానలకు కూలిపోయింది. వీళ్లు కాక ఇంకో వర్గం ఉంది: మెషుహ్రారిం, 'విడుదలైనవాళ్లు' అని అర్థం. ఒకప్పటి బానిసల సంతతి, పరదేశి పురుషులకు దాసీలవల్ల కలిగిన సంతతి. వాళ్లకు పరదేశి సినగాగులో బల్లల మీద కూర్చునే హక్కు లేదు. నేలమీదో బయట మెట్లమీదో కూర్చోవాలి. ఆ వర్గంలో పుట్టిన ఎ.బి. సేలం అనే వకీలు 20వ శతాబ్దంలో గాంధీ పద్ధతిలో సత్యాగ్రహం చేసి, ఏళ్ల తరబడి పట్టుబట్టి, ఆ కట్టుబాటును కదిలించాడు. సినగాగు దగ్గర ఒక వీధికి ఇప్పుడు ఆయన పేరుంది. ప్రపంచమంతా తరిమికొట్టినవాళ్లకు కొచ్చి రాజు తన కోవెల పక్కనే చోటిస్తే, ఆ చోటులోనే మళ్లీ ఒక గడప కట్టుకున్నారు. కులం ఈ దేశంలోకి వచ్చినవాళ్లెవర్నీ ఊరికే వదల్లేదు.

ఇప్పుడు పాటల దగ్గరికి వస్తాను. కొచ్చి యూదు స్త్రీలు పెళ్లిళ్లలో, పురుళ్లలో, పండుగల్లో మలయాళంలో పాటలు పాడేవాళ్లు. ప్రార్థన హీబ్రూలో, అది మగవాళ్ల భాష. పాట మలయాళంలో. ఎస్తేరు కథ, రూతు కథ, సినగాగులు కట్టిన కథ, పెళ్లికూతుర్ని చిలకతో పోల్చే పాటలు. వాటిని స్త్రీలు నోటుపుస్తకాల్లో మలయాళ లిపిలో రాసుకున్నారు, తల్లి పుస్తకం చూసి కూతురు ఎత్తి రాసుకుంది. మగవాళ్లు కూర్చుని వినేవాళ్లట. 1950ల్లో చాలామంది ఇజ్రాయెల్ వెళ్లిపోతూ ఈ పుస్తకాలు పెట్టెల్లో పెట్టుకుని తీసుకుపోయారు. పి.ఎం. జుస్సే, షిర్లీ ఐసెన్‌బర్గ్, బార్బరా జాన్సన్ 1970ల నుంచీ వాటిని సేకరించారు. స్కరియా జకరియా, ఒఫీరా గంలియెల్ కొన్నిటిని 2005లో ఒక సంపుటంగా తెచ్చారు.

ఆ పుస్తకాలను పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు తేలిన విషయం ఇది: మేడమీద కూర్చున్న పరదేశి స్త్రీల పుస్తకాల్లోనూ, వేరే సినగాగుకు పోయే మలబారు స్త్రీల పుస్తకాల్లోనూ చాలా పాటలు ఒకటే. పెళ్లి సంబంధం దాటని గడపను పాట దాటింది.

ఈ మాట చదివిన రోజున నేను చాలా సంతోషపడ్డాను. స్త్రీల సంస్కృతి మగవాళ్ల గోడల్ని పట్టించుకోదని, అడుగున ఒక సోదరీత్వం పారుతూ ఉంటుందని అనుకోవడం మనందరికీ ఇష్టం. సినగాగు బయట అరుగు మీద కూర్చుని ఈ సంగతే నా స్నేహితురాలితో అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"పాట దాటింది సరే, దాంతో ఎవరి చోటు మారింది? పాట నేర్పిన ఆవిడ లేచి వెళ్లి మెట్లమీదే కూర్చుంది కదా," అంది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. జవాబుకు దగ్గరగా ఉన్నదేదైనా ఉందంటే అది రూబీ డేనియల్ జీవితం. 1912లో ఇదే పేటలో, మెషుహ్రారిం అని ముద్రపడిన కుటుంబంలో పుట్టింది. చదువుకుంది, ఉద్యోగం చేసింది, రెండో ప్రపంచయుద్ధ కాలంలో నౌకాదళపు స్త్రీల విభాగంలో చేరింది. 1951లో ఇజ్రాయెల్‌లో ఒక కిబ్బుట్జ్‌కు వెళ్లిపోయింది. పెద్దవయసులో ఈ పాటల్ని ఇంగ్లీషులోకి అనువదించింది. బార్బరా జాన్సన్‌తో కలిసి తన జ్ఞాపకాలు రాసింది, ఆ పుస్తకం 1995లో వచ్చింది. 2002లో కన్నుమూసింది. ఆ పుస్తకంలో పాటలున్నాయి, వంటలున్నాయి, దయ్యాల కథలున్నాయి, మెట్లు కూడా ఉన్నాయి. పాటను ప్రేమించడానికి అవమానాన్ని మరిచిపోవాల్సిన పనిలేదని ఆమె రాతే చెబుతుంది. సోదరీత్వం గురించి మనం రాసే వ్యాసాల్లో ఈ రెండూ ఒకే పేజీలో ఎందుకు ఉండవు?

ఈ ప్రశ్న నాకు మా ఇంటిదాకా వచ్చింది. మా అమ్మమ్మది గోదావరి జిల్లా. ఆమె పాటల పుస్తకం నా దగ్గర ఉంది. ఊర్మిళాదేవి నిద్ర, సీత వామనగుంటలు, తలుపు దగ్గరి పాటలు, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో. చివరి పేజీల్లో మూడు దంపుడు పాటలున్నాయి. అమ్మమ్మ ఎన్నడూ రోకలి పట్టలేదు. ఆ పాటలు పెరట్లో వడ్లు దంపడానికి వచ్చే స్త్రీవి. ఆమె పెరట్లో పాడుతుంటే అమ్మమ్మ వసారాలో కూర్చుని రాసుకుంది. ఆమె పేరేమిటని అమ్మకు ఫోన్ చేసి అడిగాను. "ఏమోనే, దంపుళ్లావిడ అనేవాళ్లం," అంది అమ్మ. ఆమె ఎన్నడూ వసారా ఎక్కలేదట. ఆమెకు అన్నం పెరట్లోనే ఆకులో పెట్టేవాళ్లట. మా అమ్మమ్మ మనసు మంచిది కాదనడం లేదు. ఆ పాటను విలువైనదిగా ఎంచింది, కాబట్టే రాసుకుంది. పాట వసారా ఎక్కింది, మనిషి ఎక్కలేదు. కొచ్చిలో జరిగిందీ ఇదే, మా పెరట్లో జరిగిందీ ఇదే.

యూదుల వీధిలో ఇప్పుడు అంగళ్లే ఎక్కువ. కుట్టుపనితో ఆ వీధికి పేరు తెచ్చిన సారా కోహెన్ 2019లో 96 ఏళ్ల వయసులో చనిపోయింది. చివరి రోజుల్లో ఆమెను కనిపెట్టుకుని ఉన్నది ఒక ముస్లిం కుటుంబం. కొన్నేళ్లు సినగాగు వ్యవహారాలు చూసిన క్వీనీ హలెగ్వా 2024 ఆగస్టులో పోయింది. మట్టాంచేరి పరదేశి స్త్రీలలో ఆమే చివరిది. మేడమీది ఆ చోటులో కూర్చునేవాళ్లు ఇక లేరు. మెట్లమీద కూర్చున్నవాళ్లు అంతకు చాలాముందే సముద్రం దాటిపోయారు. మిగిలింది పాటల పుస్తకాలు.

స్త్రీల పాటల మీద పనిచేసే మనం పాఠాంతరాలు చూస్తాం, ఛందస్సు చూస్తాం, పితృస్వామ్యాన్ని ఎక్కడ ధిక్కరించిందో వెతుకుతాం. ఇకమీద నా విద్యార్థినులు పాట సేకరించి తెచ్చినప్పుడు ఇంకో రెండు వరుసలు రాసుకుని రమ్మని అడగాలనుకుంటున్నాను. ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, నేర్పేటప్పుడు ఆమె ఎక్కడ కూర్చుంది అని. చాలాసార్లు పేరు దొరక్కపోవచ్చు. అప్పుడు ఆ చోటును ఖాళీగానే ఉంచి అచ్చువేద్దాం. ఆ ఖాళీని 'అజ్ఞాత' అనో 'జానపదం' అనో అందమైన మాటతో పూడ్చకుండా ఉంటే చాలు.