గుండెలో స్పాంజి

మెట్లెక్కితే మా అన్నయ్య ఆయాసపడుతుంటే, "కూర్చుని కూర్చుని పొట్ట పెంచావ్, అందుకే" అని వెక్కిరించినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. ఎకో తీశాక తెలిసింది, తప్పు పొట్టది కాదని. జబ్బు పేరు లెఫ్ట్ వెంట్రిక్యులర్ నాన్‌కంపాక్షన్.

పేరు చూసి బెదిరిపోకండి. కడుపులో ఉన్నప్పుడు మొదట్లో అందరి గుండె కండరమూ స్పాంజిలాగే ఉంటుందిట. 5 నుంచి 8 వారాల మధ్య అది దగ్గరపడి గట్టిపడుతుంది. కొందరికి ఎడమ జఠరిక గోడలో ఆ పని పూర్తవ్వదు. మన భాషలో చెప్పాలంటే బిల్డ్ మధ్యలో ఆగిపోయినా రిలీజ్ అయిపోయింది. ముప్ఫై ఏళ్ళు ప్రొడక్షన్‌లో నడిచింది కూడా!

కాలం గడిచేకొద్దీ వచ్చే ఇబ్బందులు ముఖ్యంగా మూడు. గుండె పంప్ చేసే శక్తి తగ్గడం, లయ తప్పడం, ఆ సందుల్లో రక్తం గడ్డకట్టి మెదడుకి చేరితే పక్షవాతం. ఏమీ రాకుండా జీవితం గడిపేసేవాళ్ళూ ఉన్నారు. 2006లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దీన్ని జన్యుపరమైన గుండె కండర జబ్బుల్లో చేర్చింది. 2023లో యూరప్ డాక్టర్ల మార్గదర్శకాలు మాత్రం ఇది విడిగా ఒక జబ్బు కాదు, గుండె నిర్మాణంలో కనబడే ఒక తీరు అన్నాయి. బగ్గా, ఫీచరా అని వాళ్ళకీ తగువే అన్నమాట.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఇది కుటుంబాల్లో రావచ్చు కాబట్టి తోడబుట్టినవాళ్ళు కూడా ఎకో చేయించుకోవాలన్నారు డాక్టరు. "సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడెందుకురా? ఏదైనా ఉందని రాస్తే పిల్లనెవరిస్తారు?" అంది అమ్మ. ఆర్నెల్లు నేనూ ఆ మాట చాటునే దాక్కున్నాను. ఆఫీసు హెల్త్ చెకప్‌లో ఈసీజీ నార్మలేగా అని సర్దిచెప్పుకున్నాను. ఈసీజీ చూపించేది గుండెలో కరెంటుని, గోడ కట్టిన తీరుని కాదు.

ఓ రాత్రి అన్నయ్య ఫోన్ చేసి, "నాకు ముందే తెలిసుంటే మందులు ముందే మొదలయ్యేవి. నువ్వూ ఆయాసం వచ్చేదాకా ఆగుతావా?" అన్నాడు. మర్నాడే వెళ్ళాను.

నాకూ కొంచెం ఉంది. పంపింగ్ బాగానే ఉందని, మందులక్కర్లేదని, ఏడాదికోసారి వచ్చి చూపించుకోమని చెప్పారు.

పోయిన నెల పెళ్ళిచూపుల్లో అమ్మాయితో ఆ సంగతి చెప్పేశాను. సంబంధం తప్పిపోయింది. అమ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఆ అమ్మాయి మీద నాకైతే కోపం లేదు. పెళ్ళయ్యాక తెలిసేకన్నా ఇదే నయం కదా?

మీ ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చుంటే డాక్టర్ని అడిగి ఒక్క ఎకో చేయించుకోండి. సంబంధాలదేముంది, ఇంకోటొస్తుంది.