నాలుగో విమానం

2025 నవంబరు 21న దుబాయి వైమానిక ప్రదర్శనలో మన తేజస్ యుద్ధవిమానం కూలిపోయి వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ మరణించారు. సాయంత్రానికల్లా ఆ దృశ్యాన్ని నా ఫోనుకి ఏడుగురు పంపించారు. అందరూ నేను విమానాల ఫోటోలు తీస్తానని తెలిసినవాళ్ళే. ఆసక్తిగా చూస్తాననుకుని ఉంటారు. నేను చూడలేదు. ఏడింటినీ తెరవకుండానే తీసేశాను. ఆ సంగతి చెబితే "మీది సున్నితమైన మనసండీ" అన్నాడొక మిత్రుడు. ఆ మెప్పుకు నేను తగను. ఎందుకు తగనో చెప్పాలంటే తోట్లవల్లూరు కరకట్ట మీద, కొంగల దగ్గర మొదలుపెట్టాలి.

* * *

2009 చివర్లో ఒక కేనన్ 1000డి కెమెరా, దానికి తోడు 55-250 మిల్లీమీటర్ల లెన్సు కొన్నాను. నాబోటి నెలజీతగాడికి ఆ రోజుల్లో అదొక సాహసమే. పది మెగాపిక్సెళ్ళు, సెకనుకి మూడు బొమ్మలు. ఇవాళ్టి ఫోను పక్కన పెడితే నవ్వొస్తుంది గానీ, అప్పుడు దాన్ని మెళ్ళో వేసుకుంటే నేనే ఒక అంగుళం పొడవు పెరిగినట్టుండేది.

2010 సంక్రాంతికి ఊరికి తీసుకెళ్ళాను. మా తోట్లవల్లూరులో కరకట్ట దిగితే అరటి తోటలు, పసుపు చేలు, కంద మళ్ళు. అవి దాటితే ఇసుక. ఇసుక దాటితే కృష్ణ. నది నడుమ లంకలు. పొద్దువాలే వేళకి కొంగలు గుంపులు గుంపులుగా ఏటి మీదుగా గూళ్ళకి మళ్ళుతాయి. ఛాయాగ్రహణంలో ఓనమాలు దిద్దుకోవడానికి ఇంతకంటే మంచి బడి ఉండదనుకున్నాను. మొదటి సాయంత్రం నూట యాభై బొమ్మలు తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే తోకలున్నాయి, రెక్కల చివర్లున్నాయి, బ్రహ్మాండమైన ఖాళీ ఆకాశం ఉంది. ఒక్క కొంగ కూడా నిండుగా లేదు.

మర్నాడు మా బాబాయి కట్ట మీద కూర్చుని నా అవస్థంతా చూశాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఏట్లో వల విసిరినవాడు.

"ఒరే, నువ్వు చేతులు తిప్పుతున్నావు. వల విసిరేవాడు చేతుల్తో విసరడురా, నడుంతో విసురుతాడు. కాళ్ళు ఎడంగా పెట్టు. మోచేతులు డొక్కలకి ఆనించు. కొంగ నీ ఎదురుగా వచ్చాక మొదలెడితే ఏం దొరుకుద్ది? అది వచ్చేటప్పటినించీ దాంతో తిరుగు, పోయేదాకా తిరుగు" అన్నాడు.

ఈ విద్యని పానింగ్ అంటారని ఆ తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. ఏ పుస్తకమూ మా బాబాయి చెప్పినంత తేలిగ్గా చెప్పలేదు. నాలుగు రోజులు పోయేసరికి పదింటికి రెండు బొమ్మల్లో కొంగ ముక్కు నుంచి కాళ్ళ దాకా పడడం మొదలైంది.

ఆ సాయంత్రాల్లో ఇంకొకటి కూడా చూశాను, అప్పుడు పట్టించుకోకపోయినా. లంకలో మేపుకొచ్చిన గేదెలు ఏరు దాటి కట్టెక్కుతుంటే కాపరి ఒక పక్కన నిలబడి వేలు చూపిస్తూ లెక్కపెట్టుకునేవాడు. రోజూ అవే గేదెలు, రోజూ అదే లెక్క. "ఏటి దగ్గర లెక్క మరవకూడదు. ఒకటి తగ్గితే ముందు నీళ్ళ వైపు చూడాలి" అనేవాడు బాబాయి.

* * *

అదే ఏడాది మార్చి 3, బుధవారం. బేగంపేటలో ఇండియా ఏవియేషన్ ప్రదర్శన మొదలైన రోజు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక బేగంపేటకి రోజువారీ విమానాలు ఆగిపోయాయి. సికింద్రాబాద్‌లో మేము అద్దెకుండే పేటలో జనం ఆ మోతనే మరిచిపోయారు. అందుకేనేమో, ఆ రోజు ఉదయం మొదటి గర్జన వినబడగానే ప్రతి మేడ మీదా మనుషులు మొలిచారు. మా ఆవిడ పురిటికని పుట్టింటికి వెళ్ళి ఉంది. నేను ఒంట్లో బాగాలేదని ఆఫీసుకి కబురంపి, నీళ్ళ ట్యాంకు పక్కన నీడ చూసుకుని నిలబడ్డాను.

ఆ రోజు విన్యాసాలు చేసింది మన నౌకాదళానికి చెందిన సాగర్ పవన్ జట్టు. 2003లో ఏర్పడింది. గోవా దాని స్థావరం. నాలుగు కిరణ్ విమానాలు. కిరణ్ బెంగళూరులో హెచ్‌ఏఎల్ తయారుచేసిన శిక్షణ విమానం. గురువూ శిష్యుడూ ముందూ వెనకా కాక పక్కపక్కనే కూర్చుంటారు అందులో. ఈ వివరం గుర్తుంచుకోండి.

కొత్తవాడు చేసే తప్పులన్నీ చేశాను. కెమెరా ఆకాశపు వెలుగుని చూసి భయపడి బొమ్మంతా చీకటి చేసింది. విమానాలు కాకుల్లా నల్లగా పడ్డాయి. నీలపు ఆకాశంలో పట్టు దొరక్క లెన్సు ముందుకీ వెనక్కీ తచ్చాడింది. ఎక్స్‌పోజరు ఒక మెట్టు పైకి జరిపాను. ఫోకసు కదిలే వస్తువుని వెంబడించే పద్ధతికి మార్చాను. షట్టరు వేగం సెకనులో వెయ్యో వంతుకి తెచ్చాను. ఆపైన కాళ్ళు ఎడంగా పెట్టి, మోచేతులు డొక్కలకి ఆనించి, బాబాయిని తలుచుకుని నడుం తిప్పాను. పడ్డాయి! నాలుగు విమానాలూ, వాటి వెనక పొగచారలూ, ఒకే చట్రంలో పడ్డాయి. ఆ ఆనందం మాటల్లో పెట్టలేను. నూట యాభై ఖాళీ ఆకాశాల బాకీ ఒక్కసారిగా తీరినట్టనిపించింది.

ఆ తర్వాత అవి విడిపోయాయి. నేను కన్ను తియ్యకుండా తిరుగుతూనే ఉన్నాను. ఒక క్షణానికి నా చిన్న కిటికీలో మూడే కనిపించాయి.

నాకొచ్చిన ఆలోచన ఒక్కటే: నాలుగోదాన్ని నేను వదిలేశాను. చెయ్యి అదిరింది, లేకపోతే నడుం ఆలస్యంగా తిరిగింది. నన్ను నేను తిట్టుకుంటూ లెన్సుని ఎడమకీ కుడికీ పైకీ తిప్పి ఆకాశమంతా వెతికాను. ఒక్క కిందికి మాత్రం తిప్పలేదు.

పక్క మేడ మీద ఒకావిడ "అయ్యో, అయ్యో" అంటోంది. కెమెరా దించాను. బోయినపల్లి వైపు ఇళ్ళ కప్పుల వెనకనుంచి పొగ లేస్తోంది. అంతదాకా ఆకాశంలో చూసింది తెల్లటి పొగ. ఇది నల్లటిది.

ఇప్పుడు చెప్పవలసిన మాట దగ్గరికి వచ్చాను. ఆ నల్లటి పొగ ఏమిటో అర్థమైన క్షణాన నా మనసులో మెదిలిన మొట్టమొదటి ప్రశ్న "లోపల ఎవరు?" కాదు, "కింద ఎవరు?" కాదు. "నాకు దొరికిందా?" అన్నది.

* * *

పావుగంటలో ఊర్నుంచి నాన్న ఫోను. టీవీలో చెప్పేస్తున్నారట.

"ఒరే, మీ ఇంటికి దగ్గరేనా? నువ్వెక్కడున్నావు?"

"మేడ మీద, నాన్నా. మాకు దూరంలే."

"మేడ మీదేం చేస్తున్నావు?"

జవాబు చెప్పలేకపోయాను. "బట్టలు తీస్తున్నా" అన్నాను.

మధ్యాహ్నం ఒక పరిచయస్థుడు ఫోను చేశాడు. పడిపోతున్నప్పటి బొమ్మ ఏదైనా ఉంటే చెప్పమని, అడిగేవాళ్ళున్నారని అన్నాడు. అతన్ని నేను కోప్పడ్డానని రాసుకుంటే బాగుండేది. "చూసి చెప్తానండీ" అన్నాను.

రాత్రి కంప్యూటరు ముందు కూర్చుని తీసినవన్నీ ఒక్కొక్కటే చూశాను. పడిపోతున్న విమానం ఒక్కదాంట్లోనూ లేదు. లేదని తేలాక లోపల ఎక్కడో చిన్న నిరాశ కలిగింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, కలిగింది.

ఇక ముయ్యబోతూ, నాలుగూ కలిసి ఉన్న ఆ మంచి బొమ్మని మరొకసారి చూద్దామని పెద్దది చేశాను. విమానాలు వాలుగా తిరుగుతున్న క్షణమది. పైభాగాలు నా వైపు ఉన్నాయి. ఇంకా పెద్దది చేశాను. ఒక విమానపు గాజుకప్పు కింద, పక్కపక్కన రెండు తెల్లటి చుక్కలు కనిపించాయి.

ముందు సెన్సరు మీద దుమ్మేమో అనుకున్నాను. తర్వాతి బొమ్మలోనూ ఉన్నాయి. విమానంతో పాటే కదిలాయి. దుమ్ము కదలదు. అవి శిరస్త్రాణాలు.

ఆ సాయంత్రమే వార్తల్లో పేర్లు చెప్పారు. కమాండర్ ఎస్.కె. మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్. ఇద్దరూ ఒకే విమానంలో ఉన్నారు. అది బోయినపల్లిలో ఒక మేడ మీద పడింది. అక్కడి జనంలో కొందరికి గాయాలయ్యాయి. నా బొమ్మలోని రెండు చుక్కలూ ఆ ఇద్దరివే అని చెప్పే ఆధారం నా దగ్గర లేదు. నాలుగింటిలో అది ఏ విమానమైనా కావచ్చు. అయినా ఉదయం నుంచీ నేను నాలుగు విమానాలనే చూశాను గానీ వాటిలో మనుషులున్నారన్నది ఆ రెండు చుక్కలు కనపడేదాకా నాకు తట్టనేలేదు. కొంగని తీసినట్టే తీశాను. కొంగకీ దానికీ తేడా ఏమిటంటే, కొంగ తనంతట తనే ఎగురుతుంది. విమానంలో ఒక మనిషి కూర్చుని ఎగరేస్తాడు.

పరిచయస్థుడికి "ఏమీ లేవండీ" అని చెప్పాను. అబద్ధం కాదు. అయితే ఉంటే ఏం చేసేవాణ్ణో ఆ రాత్రి నన్ను నేను అడుక్కుని, జవాబు వినకుండా పడుకున్నాను.

ఆ ఫైలు ఇప్పటికీ ఉంది. తీసెయ్యలేదు, ఎవరికీ చూపించనూ లేదు. సాగర్ పవన్ జట్టు ఇప్పుడు లేదు. దుబాయి దృశ్యాన్ని నేను చూడకపోవడానికి కారణం సున్నితత్వం కాదని మీకిప్పటికి అర్థమయ్యే ఉంటుంది. చూస్తే నాలో మొదట పలికే గొంతు ఏదో నాకు తెలుసు. దానికి మళ్ళీ మాట్లాడే అవకాశం ఇవ్వదలచుకోలేదు.

* * *

ఆ తర్వాత నెల తిరక్కుండానే మాకు అమ్మాయి పుట్టింది. కెమెరా చాలాకాలం దాని చుట్టూ తిరిగింది. నాలుగైదేళ్ళ పాటు విమానం వైపు ఎత్తలేదు. తర్వాత గన్నవరంలో దిగేవాటితో మెల్లగా మళ్ళీ మొదలైంది. అలవాటు మానలేదు గానీ పద్ధతి మారింది.

2024 డిసెంబరు 8, ఆదివారం, హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ మీద వైమానిక దళం వారి సూర్యకిరణ్ జట్టు విన్యాసాలు చేసింది. 1996లో బీదర్‌లో పుట్టిన జట్టు ఇది. మొదట్లో వాళ్ళూ కిరణ్ విమానాల మీదే ఎగిరేవారు. ఆ విమానాలు శిక్షణకి కావలసి వచ్చి 2011లో ఆగిపోయి, 2015లో హాక్ విమానాలతో తిరిగి వచ్చారు. వాళ్ళదీ నష్టాలు లేని దారేమీ కాదు. 2019 ఫిబ్రవరి 19న యలహంక దగ్గర సాధనలో రెండు హాక్‌లు ఢీకొని వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ మరణించారు. ఒక విమానపు రెక్కకీ ఇంకో విమానపు రెక్కకీ మధ్య కొద్ది మీటర్లే. ఆ కొద్ది మీటర్లనీ మనం కింద నిలబడి ముచ్చటపడతాం.

ఈసారి కొత్త ఛాయాగ్రాహకురాలు మా అమ్మాయి. పద్నాలుగేళ్ళది. నా పాత 1000డి ఇప్పుడు దాని సొత్తు. జనమంతా ట్యాంక్‌బండ్ మీదికి పోతుంటే మేము నెక్లెస్ రోడ్డు వైపు వెళ్ళాం. ట్యాంక్‌బండ్ చెరువుకి తూర్పు గట్టు. సాయంత్రం అక్కడ నిలబడితే ఎండ సూటిగా లెన్సులోకి కొడుతుంది, విమానాలు మళ్ళీ కాకులవుతాయి. పడమటి గట్టున ఉంటే సూర్యుడు మన వీపు వెనక ఉండి రెక్కల మీద పడతాడు. కాళ్ళు ఎడంగా పెట్టమన్నాను. మోచేతులు డొక్కలకి ఆనించమన్నాను. వలా నడుమూ అంతా చెప్పాను. "చిన్నతాత చెప్పారు కదా, నాకు తెలుసు" అంది.

తొమ్మిది విమానాలు వచ్చాయి. వేడి వేడి ఇంజను గాలిలోకి డీజిలు చిమ్మితే వచ్చే పొగని తోకలుగా వేలాడదీసుకుని, చెరువు మీదుగా వంపు తిరిగాయి. నా మెళ్ళోనూ కెమెరా ఉంది. రెండు మూడు తీసి వదిలేశాను. ప్రతి విన్యాసం చివరా కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని లెక్కపెట్టుకుంటున్నాను. విడిపోయినప్పుడు అయిదూ నాలుగూ. కలిసినప్పుడు తొమ్మిది. పక్కనున్నాయన నన్ను విచిత్రంగా చూశాడు. చూడనీ.

ఇంతలో మా అమ్మాయి నా చెయ్యి పట్టుకు లాగింది. మొహం చిన్నబోయి ఉంది.

"నాన్నా, ఇందులో ఎనిమిదే పడ్డాయి. తొమ్మిదోది లేదు."

తెర చూపించబోయింది. నేను తెర చూడలేదు. ఆకాశం వైపు తిరిగాను. ఎడమనుంచి మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. గుండె ఎందుకో గట్టిగా కొట్టుకుంది. ఏడు, ఎనిమిది. బుద్ధ విగ్రహానికి పైన, గుంపు అంచున, కొంచెం ఎడంగా, తొమ్మిది.

మళ్ళీ ఒకసారి లెక్కపెట్టాను. ఆ తర్వాతే దాని వైపు తిరిగాను.

"ఫర్వాలేదమ్మా, తొమ్మిదీ ఉన్నాయి. అది నీ చెయ్యి తప్పే" అన్నాను.